కండి సీమ యాత్ర: చూడఁదగినవి, భుజింపఁదగినవి



లంకకుఁ బోయి వచ్చితిమని చెప్పువారు నేఁడు మన పల్లెలలో సైతము కానవచ్చుచున్నారు. ఏమి చూచితిరని యడిగినచో సీతమ్మవారు శోకించిన వనము, రావణుఁడు దాఁగిన గుహ, ఆంజనేయుఁడు దిగిన కొండ అని వరుసగా ఏకరువు పెట్టుదురు. ఆ భక్తిని నేను తక్కువచేయను. అయినను ఐదాఱు దినములలో ముప్పది స్థలములు మోటారు కిటికీలోనుండి చూచి మరలివచ్చినవాఁడు సింహళమును చూచెననుటకు నాకు మనసొప్పదు. ఆ దేశమునకును మనకును గల చుట్టరికము పురాణమునందే కాదు. చరిత్రయందును, పలుకుబడియందును, తుదకు ఆకులో వడ్డించిన అన్నమునందును కలదు. అది స్పష్టముగాఁ గానవచ్చు చోటు కండి నగరము, దాని చుట్టునున్న కొండసీమయును. యాత్రకుఁ బోఁదలఁచువారు మూఁడు నాలుగు దినములైనను అచ్చట నిలువవలెనని నా మనవి. ఎందులకో విన్నవించెదను.

సింహళభాషలో ‘కంద’ యనఁగా కొండ. పరదేశీయులు దానినుండి కండి యను పేరు కల్పించిరి. దేశీయులు మాత్రము మహనువర యందురు. నువర యనఁగా నగరమే. ‘గమ’ యనఁగా గ్రామము. ఊరి ప్రక్కగా మెలికలు తిరిగి పాఱు నది పేరు మహవెలి గంగ. పాలీ గ్రంథములు దీనిని మహావాలుకగంగ యన్నవి. అనఁగా పెద్ద యిసుకయేఱు. ఆ ద్వీపమున నిదియే మిక్కిలి పొడవైన నది. ఇట్లు సంస్కృత ప్రాకృతములు కొంచెము తెలిసినవానికి అచ్చటి పేళ్లు పరాయివిగాఁ దోఁపవు.

కొలంబోనుండి కండికి డెబ్బదిమైళ్లకుఁ బైగా దూరము. 1867లోనే రైలుమార్గము వేసిరి. సముద్రతీరపు కొబ్బరితోఁటలు, వరిమళ్లు వెనుకఁబడి, కడుగన్నావ యొద్ద బండి కొండ నెక్కును. కండి సుమారు 1,600 అడుగుల యెత్తున నుండుటచే తీరమునందలి యుక్క అచ్చట తగ్గును.

కండికిఁ బోయినవారు మొదట దర్శింపవలసినది దళదా మాళిగావ, అనఁగా బుద్ధభగవానుని దంతధాతువును భద్రపఱచిన మందిరము. ఈ దంతము అచ్చటి కెట్లు వచ్చెనో వినుఁడు. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున కళింగదేశమందలి దంతపురమునుండి హేమమాల యను రాకుమారి దానిని తన కొప్పులో దాఁచుకొని, భర్తయైన దంతకుమారునితో నోడ నెక్కి సింహళమునకుఁ గొనిపోయెనని వారి గాథ. ఆ దంతపురము మన శ్రీకాకుళము జిల్లాలో ఆమదాలవలసకుఁ జేరువనున్న దంతవక్త్రునికోటయే యని కొందఱు పండితుల మతము. పూరీ యని వేఱు కొందఱు చెప్పుదురు. ఈ వివాదము తేలలేదు. దంతవక్త్రునికోట దిబ్బలలో బౌద్ధస్తూపముల శిథిలములు బయలుపడినమాట మాత్రము నిజము.

దంతము ఒకదానిలో నొకటిగా అమర్చిన బంగారు కరండములలో నుండును. యాత్రికులకుఁ గనుపడునది పైకరండము మాత్రమే. అదియును ప్రాతఃకాలమున, పూర్వాహ్ణమున, సాయంకాలమున పూజావేళ తలుపు తెఱచినపుడే. డోళ్లు మ్రోగుచుండఁగా జనులు తెల్లని వస్త్రములు దాల్చి, తామరపూలు చేతఁబట్టి నిశ్శబ్దముగా వరుసలో నడచుట చూచిన మన తోపులాటలు తలఁపునకు వచ్చి సిగ్గు కలుగును. భుజములు, మోకాళ్లు కప్పుకొనవలెను, పాదరక్షలు విడువవలెను, బుద్ధవిగ్రహమునకు వీపు చూపి ఛాయాపటము తీయించుకొనుట అచ్చట మహాపరాధము. 1998 జనవరిలో నీ మందిరముపై బాంబుదాడి జరిగి ముఖభాగము చెడిపోయెను, తరువాత బాగుచేసిరి. ద్వారమున సోదా చేసినచో కోపగింపరాదు.

మందిరమున కెదుట నున్న చెఱువును, ముందుభాగమునందలి యెనిమిది పలకల మండపమును కట్టించిన రాజు కథ మన తెలుఁగువారు తప్పక తెలిసికొనవలసినది. 1739లో కండి ప్రభువైన నరేంద్రసింహుఁడు పట్టమహిషియందు సంతానము లేక మరణించెను. ఆమె మధురనుండి వచ్చిన నాయకకులపు ఆఁడుపడుచు. రాజ్యము ఆమె సోదరునకు సంక్రమించెను. అది మొదలు 1815 వఱకు కండిని పాలించిన నలువురు రాజులును ఆ నాయకులే. మధుర నాయకులు విజయనగర ప్రభువుల కాలమున తెలుఁగుదేశమునుండి దక్షిణమునకుఁ బోయి రాజ్యమేలినవారని మీరెఱుఁగుదురు. కండి కొలువులో వీరు తమిళమును సింహళమును వాడిరి గాని, వీరి మూలము మన నేలయే.

ఈ నలువురిలో కీర్తిశ్రీ రాజసింహుఁడు (1747–1782) బుద్ధిమంతుఁడు. పరదేశమునుండి వచ్చిన రాజు ప్రజల ధర్మమును తన ధర్మముగాఁ జేసికొననిదే గద్దె నిలువదని గ్రహించెను. అప్పటికి సింహళమున భిక్షువులకు యథావిధిగా దీక్ష నొసఁగు పరంపర యంతరించి యుండెను. ఈ రాజు సయామునకు రాయబారము పంపి, అచ్చటి భిక్షువులను రప్పించి, 1753లో ఆ పరంపరను మరల నెలకొల్పెను. నేఁటికిని అచ్చట సయామునికాయ మను పేర నది వర్ధిల్లుచున్నది. ఇంతటి కార్యము నొక నాయకరాజు చేసెనని మన పిల్లల కెవరును చెప్పరు.

కడపటివాఁడు శ్రీవిక్రమ రాజసింహుఁడు. ఇతఁడు మఱియొక తీరువాఁడు. వరిపొలములు త్రవ్వించి, ప్రజలచే వెట్టిచాకిరి చేయించి చెఱువు కట్టించెను. ఎహెలెపొల యను మంత్రి తిరుగఁబడఁగా, 1814లో అతని భార్యను పసిబిడ్డలను చంపించెను. దానితో సామంతుల మనసులు విఱిగిపోయెను. ఆంగ్లేయులు ఆ సమయమునకే కాచుకొని యుండిరి. 1815 మార్చి 2వ తేదీన సామంతులు ఒడంబడికపై చేవ్రాళ్లు చేసి దేశమును వారికొప్పగించిరి. రాజును వేలూరు కోటకుఁ గొనిపోయిరి. 1832లో అచ్చటనే కాలధర్మము నొందెను. ఇపుడు ఆ చెఱువుగట్టున సాయంకాలము షికారు చేయువారికి చల్లని గాలి, నీటిలో మందిరపు నీడ, గట్టుపై మహావృక్షములు కన్నులపండువుగా నుండును. ఆ కట్టడము వెనుక నెంత దుఃఖమున్నదో తెలిసి నడచుట మేలు.

దళదా మాళిగావ చెంతనే నాథదేవాలయము, విష్ణుదేవాలయము, పత్తినిదేవి కోవెల కలవు. పత్తినిదేవి యనఁగా తమిళుల కణ్ణగియే. కొంచెము దూరమున కతరగామదేవుని కోవెల. ఆయన మన కుమారస్వామి. బౌద్ధుల నగరమున విష్ణువు, స్కందుఁడు కొలువుండుట మనకు వింతగాఁ దోఁచును గాని, వారికి వీరు బుద్ధశాసనమును కాపాడు దేవతలు. ఏటేట జూలై, ఆగస్టు ప్రాంతమున జరుగు ఎసల పెరహర యను మహోత్సవమున దంతమందిరపు ఊరేగింపు ముందు నడువఁగా ఈ నాలుగు దేవాలయముల ఊరేగింపులు వెనుక నడచును. ఆ క్రమము నేర్పఱచినవాఁడును కీర్తిశ్రీయే. పది రాత్రులు జరుగును. ముందు కొరడాలు ఛెళ్లుమనిపించువారు, వెనుక దివిటీలు, డోళ్లు, నర్తకులు, దీపాలంకృతములైన యేనుఁగులు. గొప్ప దంతములు గల గజమొకటి కరండము మోయును. దానిలో నుండునది ప్రతిరూపమే గాని అసలు దంతము మందిరమును వీడదు. ఆ దినములలో బసకు వెల మిన్నుముట్టును. ముందుగా నేర్పాటు చేసికొనని ముదుసలులు పోకుండుటయే మంచిది.

ఊరికిఁ బశ్చిమముగా కొలఁది మైళ్లలో నున్న మూఁడు ప్రాచీనాలయములను యాత్రికులు తఱచు విడిచిపెట్టుదురు. గడలాదెణియ విహారము 1344లో గణేశ్వరాచారి యను దక్షిణదేశపు శిల్పి కట్టిన ఱాతికట్టడము; చూడఁగానే మన దేవళమువలె నుండును. దానికి చేరువనే లంకాతిలకము. మూఁడవది ఎంబెక్కె. కొయ్యపని తెలిసినవారు మీలో నున్నచో దీని కొఱకే కండికిఁ బోవచ్చును. మండపపు కంబములపై హంసలు, మల్లులు, బిడ్డకుఁ బాలిచ్చు తల్లి, గండభేరుండము. ఇంటికప్పు చివర నిరువదియాఱు వాసములు ఒక్కచోటఁ గూడును. వానినన్నిటిని ఒకే కొయ్యమేకు పట్టి నిలిపియున్నది. నూఱు మాటలు చెప్పుటకంటె ఆ మేకును చూపుట మేలు.

ఇఁక పేరాదెణియ యుద్యానము. పూర్వము రాజుల యుపవనము. 1821 నుండి వృక్షశాస్త్రోద్యానము. 147 యకరములు, మూఁడు వైపుల మహవెలి గంగ. తాళవృక్షముల బాటలు, జంటకొబ్బరి చెట్లు, ఒక్కటే యొక తోఁపువలెఁ బ్రాఁకిన మఱ్ఱిజాతి చెట్టు చూడఁదగినవి. మనము శివార్చనకు వాడు నాగలింగపుష్పపు చెట్టు నొకదానిని 1901లో ఆంగ్లరాకుమారుఁడు, తరువాత ఐదవ జార్జి చక్రవర్తి యైనవాఁడు, నాటెను. ఒక పూఁట పూర్తిగా కావలెను.

భోజనవిషయము కొంచెము విరివిగాఁ జెప్పవలెను. ఏలయన మన పెద్దలు పరదేశమున నాఁకలికంటె అనుమానముచే నెక్కువ కృశింతురు.

అచ్చటి మంగళాహారము కిరిబత్. కిరి యనఁగా క్షీరము, బత్ యనఁగా భక్తము, అనఁగా అన్నము. కొబ్బరిపాలతో నుడికించి, పళ్లెమున నొత్తి, పలకలుగాఁ గోసి పెట్టుదురు. మేషసంక్రమణమునాఁడు, అనఁగా వారి యుగాది దినమున, ప్రతి యింటను ఇది వండవలసినదే. మన పొంగలికిని దీనికిని చుట్టరికము నాలుకయే చెప్పును. అప్పములు, ఇడియాప్పములు, పిట్టు మన దక్షిణదేశమువారికిఁ బరిచితములు. పరిప్పు అను పప్పుకూర కొబ్బరిపాలతోఁ జేయుదురు. లేఁత పనసకాయకూరను పొలొస్ అందురు. పనసపొట్టుకూర యెఱిఁగిన గోదావరివారికి వేఱుగాఁ బొగడ నక్కఱలేదు. గొటుకొళ సంబల్ అను పచ్చడి మన సరస్వతియాకే. సన్నగాఁ దఱిగి కొబ్బరితురుము, నిమ్మరసము కలుపుదురు.

ఇచ్చట నొక హెచ్చరిక. శాకాహారులు ఈ సంబల్ అను పచ్చళ్లను విచారింపక ముట్టరాదు. ఉంబలకడ యను ఎండుచేఁపపొడి కూరలలో సైతము చిటికెఁడు వేయుట అచ్చటి వాడుక. వారి లెక్కలో నది మసాలాదినుసు. ‘ఎళవళు’ అనఁగా కూరగాయలు. ఆ మాటతోఁబాటు ఉంబలకడ వలదని చెప్పినచో ఆదరముతో వేఱుగా వండిపెట్టుదురు. కొబ్బరితురుము, ఎండుమిరప, నిమ్మరసముతో చేసిన పొల్ సంబల్ అట్లు చేయించుకొని తినఁదగినది.

తీపిలో మేటి గేదెపెరుగుపైఁ బోసిన కితుల్ పాకము. కితుల్ అనఁగా మన మన్యమునందలి జీలుగు చెట్టే. మనవారు దాని కల్లు త్రాఁగుటయే యెఱుఁగుదురు. వారు పూగెల కోసిన రసమును కాఁచి తేనెవంటి పాకమును, హకురు అను బెల్లమును చేయుదురు. శర్కర శబ్దమే హకురు అయినది. సకారము హకారమగుట వారి భాషలోఁ దఱచు. రంపచోడవరము, పాడేరు వైపులవారు ఈ విద్యను చూచివచ్చినచో ప్రయోజన ముండునని నాకుఁ దోఁచుచున్నది. అంగళ్లలోని పాకమునఁ బంచదార కలుపువారు కలరు, పల్లెలలోఁ గొనుఁడు.

కండికి పైన నున్నది తేయాకుసీమ. అచ్చట మొదట కాఫీ పండించిరి. 1869లోఁ గానవచ్చిన ఆకుతెగులు ఆ తోఁటలను మాపెను. అంతకు రెండేండ్ల ముందే జేమ్స్ టెయిలరు అను దొర కండి ప్రాంతమున లూలెకందెర తోఁటలో పందొమ్మిది యకరములలో తేయాకు వేసియుండెను. కొండలు పచ్చని తివాసివలె నేఁడు కనుపట్టుటకు తమిళదేశపు కూలీల చెమట కారణము. 1948లోని పౌరసత్వచట్టము వారిలో చాలమందిని ఏ దేశమునకును చెందనివారిని చేసెను. 2003 వఱకు ఆ చిక్కు పూర్తిగా విడలేదు. తేనీటిని మెచ్చుకొనునపుడు ఆకు గిల్లిన చేతిని అడిగి తెలిసికొనుట ధర్మము.

6,100 అడుగుల యెత్తున నువరఎళియ, కంబళి తప్పనిసరి. దానికి మూఁడు మైళ్లలో సీతాఎళియ, సెలయేటి యొడ్డున సీతమ్మవారి కోవెల. రామభక్తులు ఇచ్చట నొకనాఁడు నిలిచి, ప్రక్కనున్న హగ్గల యుద్యానమును చూచినఁ దృప్తి కలుగును. 2025 నవంబరు చివర దిత్వా తుపానున ఈ కొండలు విఱిగిపడి చాల ప్రాణనష్టము కలిగినది; రైలుమార్గమును చాలచోట్లఁ దెగినది. బయలుదేఱక ముందు దారులసంగతి విచారింపవలెను. జనవరి మొదలు ఏప్రిల్ వఱకు కొండలలో వాన తక్కువ. వానకాలమున అడవిబాటలలో జలగలు విస్తారము.

శ్రీపాదపర్వత మెక్కుట (7,359 అడుగులు) మోకాళ్లు గట్టివారికే. శిఖరమున నున్న అడుగుజాడను బౌద్ధులు బుద్ధునిదనియు, శైవులు శివునిదనియు, మహమ్మదీయులు, క్రైస్తవులు ఆదామునిదనియుఁ గొలుతురు. యాత్రాకాలము మార్గశిర పూర్ణిమ మొదలు వైశాఖ పూర్ణిమ వఱకు. వేలకొలఁది మెట్లను రాత్రియందెక్కి తెల్లవాఱుసరికిఁ జేరినచో, పర్వతపు నీడ త్రికోణాకారమున పడమటి మంచుపైఁ బడుట కానవచ్చును.

సముద్రము దాఁటలేనివారు తిరుపతికిఁ బోయినపుడు వేలూరివఱకు సాఁగవచ్చును. అచ్చట పాలారు నదియొడ్డున ముత్తుమండపమను కట్టడమున శ్రీవిక్రమ రాజసింహుని సమాధి యున్నది. ఉత్తరమువారికి దంతవక్త్రునికోట దగ్గఱ. ఆమదాలవలస స్టేషనులో దిగి సరుబుజ్జిలి దారి పట్టవలెను.