అత్తయ్యగారి వేలికందే పాటల పెట్టె

మీ ఇంట్లో అటక మీదో, బీరువా అడుగు అరలోనో పాత క్యాసెట్ల పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. పారేద్దామంటే చేతులు రావు. విందామంటే టేప్ రికార్డర్ పనిచెయ్యదు. ఏటా సంక్రాంతికి దుమ్ము దులపడం, మళ్ళీ అక్కడే పెట్టడం. ఇంకో మూల చూస్తే, పిల్లల చదువుల కోసం కొన్న టచ్ స్క్రీన్ కంప్యూటర్ గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంటుంది. ఈ రెండింటికీ ముడిపెడితే ఇంట్లో పెద్దవాళ్ళకి చక్కని పాటల పెట్టె తయారవుతుంది. దీన్నే జ్యూక్‌బాక్స్ అంటారు. 1889లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సారాకొట్లో నాణెం వేస్తే పాట వినిపించే యంత్రం పెట్టారు. అక్కడ మొదలైంది ఈ ముచ్చట. మన పెట్టెకి నాణెం అక్కర్లేదు, వేలు తాకిస్తే చాలు.

"పాటలకి ఫోనుందిగా, ఇదంతా దేనికమ్మా?" అని మీరు అనొచ్చు. మా ఇంట్లోనూ అందరూ అదే అన్నారు. మా అత్తయ్యగారికి 81 ఏళ్ళు. గ్లకోమా వల్ల ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి పెద్ద బొమ్మలైతేనే ఆనుతాయి. ఫోన్లో పాట పెట్టి చేతికిస్తే మధ్యలో ప్రకటన వస్తుంది, లేకపోతే ఎవరో ఫోన్ చేస్తారు, అదీ కాకపోతే చెయ్యి తగిలి ఇంకేదో మొదలవుతుంది. "చాల్లే, తీసెయ్యి" అనేవారు ఆవిడ. నాకు తెలుసు, ఆవిడ బాధ వేరు. ప్రతిసారీ కొడుకునో కోడలినో మనవణ్ణో "కాస్త పాట పెట్టవూ" అని అడగడం ఆవిడకి ఇష్టం లేదు. ఒకప్పుడు తెల్లారకుండానే రేడియో మర తిప్పి విజయవాడ స్టేషన్ భక్తిరంజని తనంతట తానే పెట్టుకున్న మనిషి. చూపు తగ్గేకొద్దీ అడగడం మానేశారు. అడగడం లేదు కదా, అక్కర్లేదు కాబోలని మనం సరిపెట్టుకుంటాం. మీ ఇంట్లోనూ అలాంటివారు ఉన్నారేమో ఒకసారి చూసుకోండి.

ఏ కంప్యూటర్ అయినా సరే

దీని కోసం కొత్తది కొనకండి. మాది మా అబ్బాయి ఇంజనీరింగ్ రోజుల్లో వాడింది. తెరలోనే అంతా ఇమిడి ఉండే రకం, 20 అంగుళాలది. అందులో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2025 అక్టోబర్ 14తో మామూలుగా ఇచ్చే మద్దతు ఆపేశారు. విండోస్ 11 ఈ పాతదానిలో ఎక్కదు. రిపేరు షాపతను తుక్కు కింద అమ్మెయ్యమన్నాడు. బ్యాంకు పనులకీ ఇంటర్నెట్‌కీ అలాంటిది వాడకూడదన్న మాట నిజమే. కానీ మన దగ్గరున్న పాటలు వినడానికి ఇంటర్నెట్ దేనికి? వైఫై ఆపేసి, పాటలన్నీ దాని కడుపులోనే దాచేస్తే సరిపోయింది. పెన్‌డ్రైవ్ పెట్టేముందు మాత్రం వేరే కంప్యూటర్లో వైరస్ ఉందేమో చూపించి తెచ్చుకోండి. ఇంట్లో తెలిసిన కుర్రాళ్ళుంటే లినక్స్ మింట్ అని ఉచితంగా దొరుకుతుంది, అది ఎక్కించుకున్నా మంచిదే.

కంప్యూటర్ మరీ నత్తనడకగా ఉంటే పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించండి. డబ్బు పెట్టాల్సిన చోటు ఏదైనా ఉందంటే ఇదొక్కటే. మాది ఇదివరకు ఆన్ చేసి కాఫీ కలిపి తెచ్చుకున్నా తెర వెలిగేది కాదు, ఇప్పుడు అర నిమిషం. కరెంటు సంగతి అంటారా? 60 వాట్లు లాగుతుందనుకున్నా రోజుకి నాలుగు గంటలకి పావు యూనిట్ కూడా కాదు. చోటు కూడా పెద్ద సమస్య కాదు. ఎంపీ3లో సినిమా పాట ఒకటి సుమారు ఆరేడు ఎంబీలు ఉంటుంది, వెయ్యి పాటలు ఏడు జీబీల్లో సర్దుకుంటాయి.

స్పీకర్లు తీగతో కలిపేవే పెట్టండి. బ్లూటూత్‌వి ముచ్చటగా ఉంటాయి గానీ ఒకరోజు కలుస్తాయి, ఒకరోజు అలుగుతాయి. శబ్దం పెంచి తగ్గించడానికి చేత్తో తిప్పే మర ఉన్న స్పీకర్లయితే మరీ మంచిది. పెద్దవాళ్ళకి మర తిప్పడం జన్మలో మర్చిపోని విద్య.

క్యాసెట్ లోంచి కంప్యూటర్ లోకి

అసలు పనంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిక పట్టాలి. కొన్న సినిమా క్యాసెట్ల గురించి నేను పెద్దగా శ్రమపడలేదు. ఆ పాటలు సీడీల్లో దొరుకుతాయి, సీడీ నుంచి ఎక్కించడం పది నిమిషాల పని. మనం వినడానికి మార్చుకుంటాం సరే, కాపీలు తీసి పంచడం, అమ్మడం మాత్రం చట్టం ఒప్పదు. ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్ల సంగతి వేరు. అవి ఎక్కడా దొరకవు. మా దగ్గర అలాంటివి నాలుగున్నాయి. 1988లో మా ఆడపడుచు పెళ్ళికి మామయ్యగారు రికార్డు చేసినవి. అందులో అత్తయ్యగారి అమ్మగారు మంగళహారతులు, అప్పగింతల పాటలు, ఒక క్యాసెట్ నిండా ఊర్మిళాదేవి నిద్ర పాడారు. ఆవిడ 1994లో పోయారు. ఊర్మిళాదేవి నిద్ర పుస్తకాల్లో దొరుకుతుంది, కానీ ఆవిడ పాడిన వరస ఏ పుస్తకంలో ఉంటుంది? మా వాళ్ళలో ఆ వరస తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. అత్తయ్యగారికే మధ్య మధ్య తప్పిపోతోంది.

అలాంటి క్యాసెట్ మీ దగ్గర ఉంటే ముందు వెలుతురులో పట్టుకుని చూడండి. రీలు అంచు మీద తెల్లని బూజు కనిపిస్తే పెట్టి ఆడించకండి. బూజు హెడ్‌కి అంటుకుని తరవాత పెట్టిన క్యాసెట్లకీ పాకుతుంది. దాన్ని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వాలి. బాగున్నవాటికి పైన అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి, అవి విరిచెయ్యండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరిగిపోదు. పెన్సిల్ దూర్చి నాలుగు చుట్లు తిప్పి రీలు వదులు చెయ్యడం మనకెవరూ నేర్పక్కర్లేదు కదా! టేప్ రికార్డర్ బెల్టు మార్పించి, హెడ్‌ని దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి. ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి ఆడించి చూసుకుంటే రీలు నమిలేస్తుందో లేదో తెలిసిపోతుంది.

టేప్ రికార్డర్‌లో హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం నుంచి కంప్యూటర్లో లైన్-ఇన్ రంధ్రానికి స్టీరియో తీగ ఒకటి కలపాలి. లైన్-ఇన్ లేకపోతే అందుకోసమే చిన్న యూఎస్‌బీ పరికరం అమ్ముతారు. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి, క్యాసెట్లో అన్నిటికన్నా గట్టిగా పాడిన చోట ఒకసారి ఆడించి చూడండి. గీతలు పైకప్పుకి గుద్దుకోకూడదు, కాస్త ఖాళీ ఉండాలి. గుద్దుకున్నచోట గొంతు పగిలిపోతుంది, దాన్ని తరవాత ఎవరూ బాగుచెయ్యలేరు. సరిపోయాక మొదటికి తిప్పి రికార్డు నొక్కి వదిలెయ్యండి. ఇందులో తొందర పనికిరాదు, అరగంట పాట ఎక్కడానికి అరగంటా పడుతుంది. 60 నిమిషాల క్యాసెట్ అయితే ఒక వైపు తిరిగేలోపు కూర, చారు అయిపోతాయి. శబ్దం తీగలోంచి వెళ్తుంది కనుక మన మాటలు, గిన్నెల చప్పుడు ఎక్కవు. మిక్సీ మాత్రం తిప్పకండి, కరెంటు తీగ ద్వారా గరగర చేరవచ్చు.

ఆడాసిటీలో సొద తగ్గించే పద్ధతి ఉంది. పాట లేని చోట రెండు మూడు సెకన్ల హుష్‌మనే చప్పుడు చూపిస్తే అలాంటిదాన్ని మొత్తం పాటలోంచి తీస్తుంది. చెయ్యి తేలిగ్గా వెయ్యండి, కూరలో ఉప్పులాగ. ఎక్కువైతే గొంతు నీళ్ళ గోలెంలోంచి వచ్చినట్టు ఉంటుంది. మా క్యాసెట్లో పాట మధ్యలో ఎవరో పిల్లాడు ఏడుస్తాడు, కోడి కూస్తుంది, "ఇంకోటి పాడమ్మా" అని మామయ్యగారి గొంతు వినిపిస్తుంది. మా అబ్బాయి అవన్నీ కత్తిరించేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. మామయ్యగారి గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు మరి.

బాగుచేసిన పాటని ఎంపీ3గా పెట్టుకున్నా, మొదట ఎక్కించినదాన్ని ముట్టుకోకుండా ఫ్లాక్ అనే పద్ధతిలో దాచండి. చోటు కొంచెం ఎక్కువ తీసుకుంటుంది గానీ శబ్దం రవ్వంత కూడా తరగదు.

తెర మీద ఎనిమిది బొమ్మలే

పాటలు పెట్టే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. అన్నీ గాయకుడు, ఆల్బమ్ అంటూ వరస పెడతాయి. మన పెద్దవాళ్ళు అలా అడుగుతారా? "అక్కినేని పాట పెట్టు" అంటారు, "శుక్రవారం హారతి" అంటారు. మల్లీశ్వరికి సంగీతం సాలూరు రాజేశ్వరరావుగారని మా అత్తయ్యగారికి తెలుసు, అయినా అడిగేది "భానుమతి పాటలు" అనే. కాబట్టి ముందు వాళ్ళు ఏ మాటతో అడుగుతారో నాలుగు రోజులు చెవిన వేసుకుని, ఆ ప్రకారమే జాబితాలు చేయండి. నేను వీఎల్‌సీ అనే ఉచిత ప్రోగ్రాంలో చేశాను. ఫైళ్ళ పేర్లు తెలుగులో ఉంటే జాబితాని ఎం3యూ8 రకంగా దాచాలి, అప్పుడే అక్షరాలు చెడవు. సెట్టింగుల్లో ఒకే కిటికీ తెరుచుకునేలా పెట్టండి, లేకపోతే రెండో బొమ్మ తాకగానే సుప్రభాతం, దేవదాసు పాట కలిసి మోగుతాయి! అన్నట్టు డిసెంబర్ చివర్లో దాని గుర్తు మీద క్రిస్మస్ తాత టోపీ కనిపిస్తుంది. వైరస్ అనుకుని కంగారు పడకండి, వాళ్ళ సరదా అది.

ఒక్కో జాబితాకి తెర మీద ఒక బొమ్మ. షార్ట్‌కట్ గుర్తు మార్చుకునే వీలు విండోస్‌లోనే ఉంది. మేం పెట్టినవి ఎనిమిదే. సుప్రభాతానికి వేంకటేశ్వరస్వామి, ఘంటసాల భగవద్గీతకి రథం, అక్కినేని, రామారావు, భానుమతి, హారతి పళ్ళెం, వీణ, చివరగా ఆవిడ అమ్మగారి ఫోటో. కంట్రోల్ మీట నొక్కి మౌస్ చక్రం తిప్పితే బొమ్మలు అరచేతి వెడల్పుకి దగ్గరగా పెరుగుతాయి. వెనక నల్లరంగు వేశాం. గ్లకోమాలో సాధారణంగా ముందు పక్కచూపు తగ్గుతుంది కనుక తెరని కాస్త వెనక్కి జరిపి, బొమ్మలన్నీ ఒక్క చూపులో పడేలా పెట్టాం. మీ ఇంట్లోవారి కంటి జబ్బు వేరైతే వాళ్ళని కూర్చోబెట్టి, ఎక్కడ కనిపిస్తోందో అడిగి పెట్టండి.

రెండుసార్లు టకటకా తాకడం ముసలి వేళ్ళకి కుదరదు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఒకసారి తాకితే తెరుచుకునేలా మార్చండి. ఆటో అరేంజ్ పెడితే బొమ్మలు జారిపోవు. చెత్తబుట్ట గుర్తు కనిపించకుండా చెయ్యండి, లేకపోతే ఏదో రోజు ఘంటసాలవారు అందులో పడతారు. పాస్‌వర్డ్ తీసేసి, పవర్ బటన్ నొక్కితే పూర్తిగా ఆగిపోయేలా పెడితే ఆన్, ఆఫ్ రెండూ ఆ ఒక్క బటన్‌తోనే.

ఇక్కడో చిన్న చిట్కా. వరసలు తెలియడానికి తెర చట్రం మీద, అద్దం మీద కాదు సుమా, పెద్ద వెల్వెట్ బొట్టుబిళ్ళలు అంటించాను. ఆవిడ ఎడమ చేత్తో బిళ్ళ తడిమి, కుడి వేలు తిన్నగా జరుపుతారు. వయసైనవారి వేలికొసలు పొడిబారి ఉంటే తెర ఒక్కోసారి పలకదు, తడిగుడ్డకి వేలు ఒత్తితే చాలు. నీటిచుక్కలు మాత్రం తెర మీద పడకూడదు, తనంతట తానే పాటలు మార్చేస్తుంది. తుడిచేటప్పుడు ఆపేసి, మెత్తని పొడిగుడ్డతో తుడవండి. అద్దాలు తుడిచే మందు నేరుగా చల్లకండి.

వాడుక రావడానికి మా అత్తయ్యగారికి పది రోజులు పట్టింది. మొదట్లో నన్ను పిలుస్తూనే ఉన్నారు, నేను పక్కనే నిలబడి చెయ్యి మాత్రం వెయ్యలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం నేను మేడ మీద వడియాలు తిరగేస్తుంటే కింద నుంచి ఊర్మిళాదేవి నిద్ర వినిపించింది. దిగి వచ్చి చూస్తే ఇద్దరు పాడుతున్నారు. తల్లి గొంతు ఒకటి, కూతురి గొంతు ఒకటి. నేను చప్పుడు చెయ్యకుండా మళ్ళీ మేడెక్కేశాను.

ఇంత శ్రమపడ్డాక ఒక్కచోటే ఉంచకండి. కంప్యూటర్లో ఉన్నది కాక విడి హార్డ్ డిస్క్‌లో ఒక నకలు, వేరే ఊళ్ళో మనవాళ్ళ దగ్గర ఇంకో నకలు ఉండాలి. మాది ఒకటి హైదరాబాద్‌లో మా ఆడపడుచు దగ్గర ఉంది. డాలస్‌లో ఉన్న ఆవిడ కూతురు వారానికి నాలుగు చరణాల చొప్పున నేర్చుకుంటోంది, రాని చోట ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేస్తుంది. ఏడాదికోసారి నకళ్ళు తెరిచి, మోగుతున్నాయో లేదో చూసుకోండి.

పాత క్యాసెట్లు కూడా పారేయవద్దు. పూర్తిగా వెనక్కి తిప్పి, డబ్బాల్లో పెట్టి, పుస్తకాల్లాగా నిలబెట్టి ఉంచండి. స్పీకర్ల పక్కన వద్దు, వాటిలో అయస్కాంతాలుంటాయి. తేమ పట్టకుండా మందుసీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు ఆ పెట్టెలో వేసి, వానాకాలం ముందు మార్చుతూ ఉండండి.