పెరటి చేపల కుంటకు ఏ మోటారు కొనాలి?

దొడ్లో నాలుగైదు సెంట్ల కుంట తవ్వి చేపపిల్లలు వదిలితే ఇంటి కూరకు పోను నాలుగు డబ్బులు కూడా కళ్లజూడవచ్చు. పొలంలో ఉపాధి హామీ పనుల కింద తవ్విన నీటికుంట ఉన్న రైతులు కూడా ఈమధ్య చేపల వైపు చూస్తున్నారు. కుంట తవ్వటం, పిల్లలు తెచ్చి వదలటం వరకు అంతా బాగానే జరుగుతుంది. చిక్కు వచ్చేది మోటారు దగ్గరే.

చాలామంది దుకాణానికి వెళ్లి "ఒక హెచ్‌పీ మోటారు ఇవ్వండి" అని అడుగుతారు. పక్క రైతు రెండు హెచ్‌పీ పెట్టాడని తామూ అదే తెచ్చుకునేవారు ఉన్నారు. హెచ్‌పీ అంటే మోటారు బలం మాత్రమే. అది మన కుంటకు ఎంత నీరు పోస్తుందో ఆ ఒక్క మాట చెప్పదు. సరిపడని మోటారు కొంటే రెండు విధాల నష్టం. వేసవిలో వైండింగు కాలిపోతుంది. లేదా తెల్లవారుజామున అక్కరకు రాక చేపలు చచ్చి తేలతాయి. కాబట్టి కొనేముందు మూడు లెక్కలు చూసుకోవాలి. ఎంత నీరు కావాలి, ఎంత ఎత్తుకు ఎక్కాలి, ఏ వేళకు కరెంటు ఉండాలి.

డెల్టా లెక్క మనకు కుదరదు

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెట్టే మోటార్లు చూసి మనమూ అవే పెట్టకూడదు. అక్కడ కాలువ పక్కనే ఉంటుంది, నీటిని నాలుగడుగులు ఎత్తితే చాలు. మన దగ్గర అలా కాదు. 1967లో నీరు వదిలిన సాగర్ కుడి కాలువ ఏడాది పొడుగునా పారదు. ఎండాకాలం కట్టేస్తారు. కృష్ణకు వరద రాని ఏడు ఆ కాస్త నీరు కూడా అనుమానమే. మిగతా కాలమంతా బావి, బోరు మీదే ఆధారం. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల ప్రాంతంలో కింద సున్నపురాయి. ఒకచోట బోరులో నీరు దండిగా పడితే, పది గజాల అవతల పొడి దుమ్ము లేస్తుంది. పైగా రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. అంచేత మన కుంటల్లో మోటారుకు అసలు పని, వేసవిలో తగ్గిన నీటిని మళ్లీ నింపటం.

ఎంత నీరు కావాలి?

అయిదు సెంట్ల కుంట తీసుకుందాం. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. అయిదు సెంట్లకు 200 చదరపు మీటర్లు. నాలుగు అడుగుల నీరు నిలిపితే సుమారు 2 లక్షల 40 వేల లీటర్లు పడుతుంది.

ఎండాకాలం రోజుకు సెంటీమీటరు దాకా నీరు ఆవిరైపోతుంది. అంటే 2,000 లీటర్లు. భూమిలోకి ఇంకేది దీనికి అదనం. నల్లరేగడిలో ఇంకుడు తక్కువ, రాళ్లు కలిసిన ఎర్రనేలలో ఎక్కువ. ఎంత ఇంకుతుందో తెలుసుకోవటానికి సులువైన పద్ధతి ఉంది. ఒక బకెట్టు నిండా నీరు పోసి, కుంట అంచున నీటిలోనే కదలకుండా నిలబెట్టాలి. బకెట్టు లోపల నీటిమట్టం దగ్గర ఒక గీత, కుంటలో పాతిన కర్ర మీద ఒక గీత పెట్టాలి. వాన లేని రోజు చూసి మర్నాడు అదే వేళకు రెండూ కొలవాలి. బకెట్టులో తగ్గింది ఆవిరి. కుంటలో అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ తేడా ఇంకుడు. ఇంకుడు మరీ ఎక్కువగా ఉంటే పెద్ద మోటారు కొనటం దండగ. ముందు అడుగున బంకమట్టి పరిచి గట్టిగా తొక్కించటమో, పట్టా వేయించటమో చేయాలి.

మన ఉదాహరణలో ఇంకుడు కూడా 2,000 లీటర్లు అనుకుంటే రోజుకు 4,000 లీటర్లు పోయాలి. గంటకు 7,000 లీటర్లు ఇచ్చే మోటారైతే నలభై నిమిషాల లోపు పని పూర్తవుతుంది. దీనికి రెండు హెచ్‌పీ అక్కర్లేదు. మొదటిసారి కుంట నింపటానికి మాత్రం ఇదే మోటారుకు 35 గంటల దాకా పడుతుంది. ఆ ఒక్క పనికోసం పెద్దది కొనకుండా వాననీటిని మళ్లించుకోవటమో, అద్దె ఇంజనుతో నింపుకోవటమో మేలు. కాలువ నుంచి తోడాలంటే నీటిపారుదల శాఖ అనుమతి తీసుకోవాలి.

బావి గానీ బోరు గానీ ఎంత ఇస్తుందో కూడా చూడాలి. 200 లీటర్ల డ్రమ్ము 72 సెకన్లలో నిండితే గంటకు 10,000 లీటర్లు వస్తున్నట్టు. ఊట అంతకంటే తక్కువగా ఉన్నచోట పెద్ద మోటారు పెడితే కాసేపటికే నీరు అందక ఎండున తిరిగి చెడిపోతుంది.

ఎంత ఎత్తుకు ఎక్కాలి?

దుకాణదారులు 'హెడ్' అనేది ఈ ఎత్తునే. బావిలో నీటిమట్టం నుంచి మోటారు దాకా ఉన్న ఎత్తు, మోటారు నుంచి పైపు మూతి దాకా ఉన్న ఎత్తు, పైపులో రాపిడి. ఈ మూడూ కలిపితే హెడ్. బావిలో నీరు మోటారుకు 15 అడుగుల కింద ఉంది, పైపు మూతి 6 అడుగుల పైన ఉంది అనుకుందాం. మొత్తం 21 అడుగులు, అంటే దాదాపు ఆరున్నర మీటర్లు. రాపిడికి మరో రెండు మీటర్లు కలిపితే ఎనిమిదిన్నర. నీటిమట్టాన్ని వేసవిలోనే కొలవాలి. కార్తీకంలో కొలిచి కొంటే వైశాఖంలో మోటారు నీరు ఎత్తదు.

మోటారుకు బిగించిన రేకు ప్లేటు మీద హెడ్ ఇన్ని మీటర్ల నుంచి ఇన్ని మీటర్ల వరకు అని ఉంటుంది. మన లెక్క ఆ రెండు అంకెల మధ్యన పడాలి. పై అంకె దాటితే నీరు రాదు, మోటారు వేడెక్కుతుంది. కింది అంకెకు తగ్గినా ప్రమాదమే. ఎత్తు తక్కువైతే నీరు జాస్తిగా తోస్తుంది. దాంతో ఎక్కువ కరెంటు లాగి వైండింగు కాలుతుంది. ఇంట్లో ఉంది కదా అని లోతు బోరు మోటారును ఇరవై అడుగుల బావిలో దించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎనిమిదిన్నర మీటర్లకు 6 నుంచి 14 మీటర్ల హెడ్ ఉన్న అర హెచ్‌పీ మోటారు సరిపోతుంది. ఆ ఎత్తు దగ్గర సెకనుకు ఎన్ని లీటర్లు ఇస్తుందో కంపెనీ కాగితంలో పట్టీ ఉంటుంది, దాన్ని అడిగి చూడాలి. సెకనుకు రెండు లీటర్లంటే గంటకు 7,200.

ఏ రకం మోటారు?

నీరు 20 అడుగుల లోపే ఉంటే గట్టు మీద పెట్టే మోనోబ్లాక్ చాలు. అంతకు మించిన లోతు నుంచి గట్టు మీది మోటారు నీరు లాగలేదు. హెచ్‌పీ ఎంత పెంచినా అంతే. నీరు ఇంకా లోతుగా ఉంటే మోటారును బావిలో దిమ్మె కట్టి దించాలి. లేదా నీటిలో మునిగి ఉండే ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ కొనాలి. వందల అడుగుల బోరుకు బోరు సబ్‌మెర్సిబుల్ తప్ప దారి లేదు.

ఇళ్లలో ట్యాంకుకు ఎక్కించే చిన్న టుల్లు పంపుల వంటివి కుంటకు పనికిరావు. అవి ఎత్తుకు ఎక్కిస్తాయి గానీ నీరు సన్నగా ఇస్తాయి. లోపల సందు చాలా తక్కువ, కాస్త ఇసుక పడితే పట్టేస్తాయి. కూలరు మోటారు సిమెంటు తొట్టికి సరిపోతుంది, మట్టి కుంటకు సరిపోదు. సున్నపురాతి నేలల్లో నీరు కఠినం. లోపలి రెక్కలకు తెల్లగా గార పడుతుంది. ఏడాదికొకసారైనా విప్పి శుభ్రం చేయించుకోవటానికి వీలున్న రకం, దగ్గర ఊళ్లో రిపేరు చేసే మనిషి ఉన్న రకం కొనటం మంచిది.

ఐఎస్ఐ గుర్తు తప్పక చూడాలి. మోనోబ్లాక్‌కు ఐఎస్ 9079, ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్‌కు ఐఎస్ 14220, బోరు సబ్‌మెర్సిబుల్‌కు ఐఎస్ 8034 అని నంబరు ఉంటుంది. మీ ఊళ్లో ఓల్టేజి తగ్గుతుంటే 180 ఓల్టుల దగ్గర కూడా నడిచే మోటారు అడగండి.

పైపు దగ్గర పొదుపు వద్దు

మోటారుకు వేలు పెట్టి, పైపు మాత్రం పాతది ఒక అంగుళందే బిగిస్తుంటారు. ఇది పెద్ద పొరపాటు. గంటకు 10,000 లీటర్లను ఒక అంగుళం పైపులో వంద అడుగుల దూరం పంపాలంటే రాపిడికే 30 మీటర్లకు పైగా హెడ్ పోతుంది. చిన్న మోటారు ఆ నీరు ఇవ్వనే లేదు. అదే రెండంగుళాల పైపులో పోయేది మీటరుకు అటూ ఇటూ. వంపులు కూడా ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

కాలువ నీరు పెట్టేవారు పైపు మూతికి సన్న వల సంచి కట్టాలి. లేకపోతే కొర్రమీను, వాలుగ పిల్లలు వచ్చి పడి మన పిల్లలను తినేస్తాయి. కుంటలోంచి నీరు లాగేటప్పుడు ఫుట్‌వాల్వుకు కూడా వల చుట్టాలి.

తెల్లవారుజామే గండం

పగలు నీటిలోని పచ్చనాచు ఎండకు ప్రాణవాయువు తయారు చేస్తుంది. రాత్రి తయారీ ఉండదు, నాచూ చేపలూ కలిసి ఉన్నదాన్ని వాడేస్తాయి. అందుకే సూర్యోదయానికి ముందు నీటిలో గాలి అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీ ప్రమాదం. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి చాలటం లేదని అర్థం. అలికిడి చేసినా కిందికి పోకపోతే ఇక ఆలస్యం చేయకూడదు. వెంటనే మోటారు వేసి, కుంటలో నీటినే చిల్లుల పైపు ద్వారా జల్లులా మళ్లీ కుంటలో పడేట్టు చేయాలి. ఫుట్‌వాల్వు అడుగున బురదకు తగలకుండా అడుగు పైన ఉండాలి. బోరు నీటిలో గాలి తక్కువ, దాన్ని కూడా ఎత్తు నుంచి చిమ్మించి పోయాలి. ఆ రోజు మేత, పేడ వేయకూడదు.

ఇక్కడే కరెంటు సంగతి వస్తుంది. వ్యవసాయ కనెక్షన్‌కు ఉచిత కరెంటు పగటిపూట 9 గంటలే. చేపలకు మోటారు కావలసింది తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు. మూడు ఫేజుల పెద్ద మోటారు గట్టు మీద ఉన్నా ఆ వేళకు అది ఉన్నా లేనట్టే. అంచేత కుంట మోటారు ఇంటి సింగిల్ ఫేజు లైను మీద నడిచే అర హెచ్‌పీ గానీ, మహా అయితే ఒక హెచ్‌పీ గానీ ఉండటం మేలు. అర హెచ్‌పీకి గంటకు అర యూనిట్టు పైచిలుకు కాలుతుంది. రోజూ మూడు గంటలు వేస్తే నెలకు 50 యూనిట్ల దాకా అవుతుంది. వాడకం పెరిగితే యూనిట్టు ధర కూడా పెరుగుతుంది కనుక అవసరమైన రోజుల్లోనే వేయాలి. ఉచిత కనెక్షన్ పంటకోసం ఇచ్చింది. చేపల కుంటకు వాడదలిస్తే ముందుగా విద్యుత్ శాఖ వారిని అడగాలి. సోలారు మోటారు పగలు నింపటానికి బాగుంటుంది గానీ బ్యాటరీ లేకుండా రాత్రి నడవదు.

పిల్లలు తక్కువ, ఖర్చు తక్కువ

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కలిపి పెంచేటప్పుడు హెక్టారుకు 5,000 పిల్లలు అన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. సెంటుకు ఇరవై. అయిదు సెంట్లకు వంద. ఈ లెక్కన వేసిన రైతుకు రోజూ మోటారు వేసే పని పడదు. మూడు వందలు వేసిన రైతు తెల్లవారుజామున నిద్ర మానుకోవాలి. ఒక్కరోజు కరెంటు పోతే ఏడాది మేత, శ్రమ నీటిపాలు. కాబట్టి చిన్న మోటారుతో సరిపెట్టుకోదలిస్తే పిల్లలను కూడా ఆ లెక్కకే వేయాలి. ఎక్కువ వేయాలనుకుంటే కరెంటు పోయినప్పుడు ఆదుకోవటానికి చిన్న ఆయిలు ఇంజను కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

ప్రాణం ముందు

నీరు, కరెంటు కలిసినచోట ఏమరుపాటు పనికిరాదు. మోటారుకు ఎర్తు తప్పనిసరి. కరెంటు లీకైతే తనంతట తాను పడిపోయే స్విచ్చి బిగించాలి. అతుకులు వేసిన వైరు నీటిలో ఉండకూడదు. మోటారు నడుస్తుండగా ఎవరూ కుంటలో దిగకూడదు. చేపలు పట్టే ముందు స్విచ్చి కట్టటమే కాదు, ప్లగ్గు కూడా పీకేయాలి.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక చీటీ మీద ఇవి రాసుకుని వెళ్లండి: కుంట ఎన్ని సెంట్లు, వేసవిలో నీటిమట్టం ఎన్ని అడుగుల కింద, పైపు మూతి ఎన్ని అడుగుల పైన, పైపు పొడవు ఎంత, బావి గంటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది, ఇంటి లైనా పొలం లైనా. ఈ ఆరూ చెప్పి మోటారు అడగండి. హెచ్‌పీ ఎంతో ఆ లెక్కే తేలుస్తుంది.