డాక్ కొనేముందు పోర్టు చూడండి

టైప్-సీ పోర్టు ఉంది కదా, ఏ డాక్ అయినా పనిచేస్తుందిలే అనుకోకండి. టైప్-సీ అంటే పోర్టు ఆకారం మాత్రమే. అందులోంచి వీడియో వస్తుందా లేదా అన్నది మీ లాప్‌టాప్‌ని బట్టి ఉంటుంది. స్పెసిఫికేషన్లలో 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్' అనో 'థండర్‌బోల్ట్' అనో ఉంటే వస్తుంది.

రెండూ లేకపోతే డిస్‌ప్లేలింక్ డాక్ తీసుకోవాలి. ఇది డ్రైవర్ సాయంతో బొమ్మని మామూలు యూఎస్‌బీ డేటాగా పంపిస్తుంది. కోడింగ్‌కి హాయిగా సరిపోతుంది, గేమ్స్‌కి మాత్రం వద్దు.

రెండు మానిటర్లయితే ఇంకో మెలిక ఉంది. విండోస్‌లో ఎంఎస్‌టీ డాక్‌తో రెండు తెరల మీద వేర్వేరు విండోలు పెట్టుకోవచ్చు. అదే డాక్ మ్యాక్‌కి పెడితే రెండింట్లోనూ ఒకటే బొమ్మ! ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లు నేరుగా ఒక్క మానిటర్‌నే నడుపుతాయి. రెండోదానికి డిస్‌ప్లేలింకే దారి.

చివరగా, మీ చార్జర్ 65 వాట్లయితే డాక్ కూడా లాప్‌టాప్‌కి అంత ఇస్తుందో లేదో చూసుకోండి. ఇవన్నీ కుదిరాకే ధర చూడండి.