మచ్చ ఉన్న వజ్రమే ముద్దు!

మండపేటలో అయినా మరెక్కడైనా, వజ్రాల దుద్దులు కొనేటప్పుడు ఇంట్లో పెద్దావిడ అడిగే మాట ఒకటుంది... 'రాళ్లలో కాకిపాదం లేదు కదా?' అని. దోషమున్న వజ్రం అచ్చిరాదని నమ్మకం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలకు లోకమంతా పేరొచ్చిందీ స్వచ్ఛత వల్లే. గోల్కొండ వజ్రాలుగా పేరుపడ్డ మేలు రాళ్లలో నైట్రోజన్ దాదాపు ఉండదు. కోహినూర్ ఆ కోవలోదే.

శాస్త్రవేత్తలకు మాత్రం ఆ నైట్రోజనే కావాలట!

వజ్రమంటే కర్బన పరమాణువుల అల్లిక. అందులో ఒకదాని చోట నైట్రోజన్ చేరి, దాని పక్క చోటు ఖాళీగా ఉండిపోతే అదో లోపం. భూతద్దానికి చిక్కనంత చిన్నది. దానిమీద ఆకుపచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది. సెకనుకు 287 కోట్ల సార్లు కంపించే మైక్రోతరంగాలు తగిలితే ఆ వెలుగు కాస్త మందగిస్తుంది. దగ్గర్లో అయస్కాంత క్షేత్రం ఉందనుకోండి... వెలుగు తగ్గే కంపనం ఒకటి కాస్తా రెండవుతుంది, ఒకటి పైకీ ఒకటి కిందికీ జరుగుతుంది. ఎంత జరిగిందో లెక్కగడితే క్షేత్రం బలం తెలిసినట్టే. మన దగ్గర దిక్సూచి ముల్లును తిప్పే భూ అయస్కాంతత్వమే దాన్ని సుమారు 11 లక్షల కంపనాల దాకా జరపగలదు.

ఈ కిటుకు పనిచేస్తుందని 2008లో అమెరికాలోని హార్వర్డ్, జర్మనీలోని స్టుట్‌గార్ట్ బృందాలు చూపించాయి. అసలు గొప్పదనం వేరే ఉంది. అతి సున్నితమైన పాత పరికరాల్లో చాలావాటిని ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీలకు చల్లబరచాలి. వజ్రానికి ఆ బాధ లేదు, మామూలు గదిలోనే పనిచేస్తుంది. అందుకే ప్రాణులకు దగ్గరగా పెట్టొచ్చు. 2016లో ఓ సముద్రపు పురుగు నాడీకణంలో పరుగెత్తిన విద్యుత్ సంకేతాన్ని ఇలాగే పట్టుకున్నారు.

ఊళ్లో కరెంటు పోతే లైన్‌మన్ స్తంభమెక్కి చూస్తాడు. మరి పొరలు పొరలుగా పేర్చిన చిప్‌లో కరెంటు దారి తప్పితే? విప్పితే పాడవుతుంది. కరెంటు పారే చోటల్లా అయస్కాంత క్షేత్రం పుడుతుంది కాబట్టి, వజ్రపు పలకను పైన పెట్టి ఆ దారులను బొమ్మ గీయొచ్చు. అలాంటి పరికరాన్ని మన దేశంలో తయారుచేసేందుకు ఐఐటీ బాంబేలో కస్తూరి సాహా బృందంతో టీసీఎస్ 2024లో చేయి కలిపింది.

ఇందుకోసం గనులు తవ్వక్కర్లేదు. ల్యాబ్‌లో పెంచిన వజ్రంలోకి నైట్రోజన్‌ను కావాలనే చేర్చి, ఎలక్ట్రాన్లతో కొట్టి ఖాళీలు చేసి, 800 డిగ్రీలు దాటేలా వేడిచేస్తారు. ఖాళీలు జరిగి జరిగి నైట్రోజన్ పక్కన ఆగుతాయి. లోపాలు ఎక్కువయ్యేకొద్దీ తెల్లటి రాయి గులాబీ రంగులోకి తిరుగుతుంది.