కంపు కాదు... ఎరువే ఎగిరిపోతోంది!

తెల్లవారగానే గొర్రెల రొప్పానికి అడ్డం పెట్టిన ముళ్లకంప లాగితే ముందు బయటికొచ్చేది గొర్రె కాదు... ఘాటు! ముక్కు మండుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అనంతపురం జిల్లా విడపనకల్లు చుట్టుపక్కల మందలున్నవాళ్లకు ఇది అలవాటైన వాసనే. కానీ ఆ ఘాటుతోపాటు గాల్లో కలుస్తున్నది పొలానికి చేరాల్సిన నత్రజని.

గొర్రె మూత్రంలో యూరియా ఉంటుంది. రైతు బస్తాల్లో కొనేదీ అదే పదార్థం. పెంటలో, మట్టిలో ఉండే సూక్ష్మజీవుల ఎంజైము తగిలితే కొద్ది గంటల్లోనే అమ్మోనియాగా మారడం మొదలుపెడుతుంది. ఫ్యాక్టరీలో అమ్మోనియాతో యూరియా చేస్తారు. రొప్పంలో జరిగేది సరిగ్గా దానికి తలకిందులు! పొడి పెంటికలకు అంత వాసన ఉండదు. తడిసి, తొక్కుడుపడితేనే తంటా.

నిలబడ్డ మనిషికంటే నేలకు మూతి ఆనించి పడుకున్న పిల్లలకు ఈ గాలి ఎక్కువ తగులుతుంది. కళ్లు కారతాయి, దగ్గు పట్టుకుంటుంది. కోళ్ల షెడ్లలోనైతే పది లక్షల వంతుల గాలిలో అమ్మోనియా 25 వంతులు దాటనివ్వకూడదంటారు.

కంపు కొడుతోందని సున్నం చల్లేస్తుంటారు చాలామంది. తడి పెంట మీద సున్నం పడితే అమ్మోనియా తగ్గదు సరికదా, ఇంకా లేస్తుంది. ముందు పెంట ఎత్తేసి, ఆరిన నేల మీద చల్లుకోవాలి. వేరుశనగ పండే సీమ కాబట్టి కాయల పొట్టుకు కొదవలేదు. దాన్ని పరిస్తే మూత్రాన్ని పీల్చుకుంటుంది. తడిసిన పొట్టును ఎరువు గుంతలో వేసి, కాస్త సూపర్ ఫాస్ఫేట్ చల్లి, మన్ను కప్పాలి. సూపర్ ఫాస్ఫేట్‌లోని జిప్సం అమ్మోనియాను పట్టి ఉంచుతుంది.

ఇవన్నీ తెలియని కాలంలోనే మన కాపరులు ఇంతకంటే మంచి దారి పట్టారు. అదే చేలల్లో మంద నిలపడం. రాత్రికో చోట మందను ఆపితే పెంటా మూత్రమూ నేరుగా నేలకే. ఎత్తే పనీ లేదు, మోసే ఖర్చూ లేదు. అందుకే రైతులు కాపరులకు డబ్బో గింజలో ఇచ్చి మరీ మందను పిలిపించుకుంటారు. బస్తా కొనడానికి కూడా వానకేసి చూడాల్సిన నేల కదా!

అయితే ఒక మెలిక ఉంది. ఇక్కడి నల్లరేగడిలో క్షారగుణం ఎక్కువ. మూత్రం పైపైనే ఆరిపోతే అందులోని నత్రజని చాలావరకు ఎగిరిపోతుంది. లోపలికి దిగితే మాత్రం రేగడిలోని బంకమన్ను దాన్ని వదలదు. అందుకే మంద లేచిన చోట ఎండ ముదరకముందే గుంటక తోలాలి.