మీకు తెలుసా? చీపురు వంతు, వడ్డన వంతు

నలుగురితో కలిసి పనిచేయడం, ఎదుటివాళ్ల మాట వినడం, జంకు లేకుండా నాలుగు మాటలు చెప్పడం... వీటికి టైమ్‌టేబుల్‌లో పీరియడ్ ఉండదు. బడిలో ఏ పని ఎవరు చేస్తారు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు అన్నదాన్ని బట్టే ఇవి పిల్లలకు అబ్బుతాయి.

★ ‘సాఫ్ట్ స్కిల్స్’ అనే మాట అమెరికా సైన్యంలో పుట్టింది. యంత్రాలతో కాకుండా ఎక్కువగా మనుషులతో, కాగితాలతో నడిచే పనులకు వాళ్లు పెట్టుకున్న పేరది. 1972లో టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్‌లో దీని మీద ఒక సమావేశమే జరిపారు.

★ జపాన్ ప్రాథమిక బడుల్లో దాదాపు రోజూ ‘సోజీ’ ఉంటుంది. అంటే శుభ్రం చేసుకునే వేళ. తరగతి గది, వరండా, మెట్లు, చాలాచోట్ల మరుగుదొడ్లు కూడా పిల్లలే జట్లుగా కడిగి తుడుస్తారు. మధ్యాహ్నం వంతు వచ్చినవాళ్లు తెల్లకోటు, టోపీ, మాస్కు వేసుకుని గిన్నెలు మోసుకొచ్చి తోటివాళ్లకు వడ్డిస్తారు. చివరి పిల్లవాడి దాకా కూర సరిపోయేలా గరిట తిప్పడం ఏడేళ్ల పిల్లకు చిన్న విషయం కాదు. టీచరూ అక్కడే, అదే తిండి తింటారు. ఇదంతా ‘తొక్కాత్సు’ పేరుతో చదువులో భాగమే. ఈ పద్ధతి నచ్చి ఈజిప్టు 2018లో ఈజిప్టు–జపాన్ బడులు తెరిచింది.

మన దగ్గర పిల్లల చేత బడి ఊడిపిస్తే తల్లిదండ్రులు గొడవకు వస్తారు. రావలసిందే. చీపురు ఎవరి చేతికి ఇవ్వాలో ఇక్కడ చాలాసార్లు కులమే తేల్చింది. జపాన్ పద్ధతికి బలం చీపురులో లేదు, వంతులో ఉంది. డాక్టరు గారబ్బాయికీ డ్రైవరు గారమ్మాయికీ అదే బకెట్టు, అదే గుడ్డ.

★ పాఠాన్ని ముక్కలు చేస్తే తగాదాలు తగ్గుతాయా? 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో తెల్లజాతి, నల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే బడుల్లో కలిపినప్పుడు కొట్లాటలు మొదలయ్యాయి. మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ బృందం తరగతుల్లో కూర్చుని గమనించింది. జవాబు ముందు నేనే చెప్పాలనే పోటీ ఆ మంటకు ఆజ్యం పోస్తోంది. అప్పుడు జట్టులో ఒక్కొక్కరికి పాఠంలో ఒక్కో ముక్క ఇచ్చారు. మిగతా ముక్కలు తెలియాలంటే పక్కవాడు చెప్పేది వినక తప్పదు. ఇంగ్లీషు తడబడే కుర్రాణ్ణి మొదట వెక్కిరించినవాళ్లే, మెల్లగా ప్రశ్నలడిగి అతని చేత పాఠం చెప్పించడం నేర్చుకున్నారు. దీన్నే ‘జిగ్‌సా’ పద్ధతి అంటారు. మన బడుల్లో క్లాస్ లీడరు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు. అక్కడ మాట్లాడితేనే పాఠం సాగుతుంది.

★ ఫిన్లాండ్ బడుల్లో 1948 నుంచి భోజనం ఉచితం. బల్ల దగ్గర పద్ధతిగా కలిసి తినడం కూడా అక్కడ చదువే.

★ కొలంబియా పల్లెల్లో అన్ని తరగతులకూ ఒకే టీచరు ఉన్న బడుల కోసం 1970లలో విక్కీ కోల్బెర్ట్, ఆమె సహచరులు ‘ఎస్కువేలా నువేవా’ అనే పద్ధతి రూపొందించారు. పిల్లలు చిన్న జట్లుగా కూర్చుని, మార్గదర్శి పుస్తకాలు ముందేసుకుని ఎవరి వేగంలో వాళ్లు చదువుకుంటారు. ఎన్నికలు పెట్టుకుని విద్యార్థి ప్రభుత్వాన్ని నడుపుతారు. ఏకోపాధ్యాయ బడి మనకూ కొత్త కాదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లె బడుల్లో కూడా రకరకాల వయసుల పిల్లలు ఒకే గదిలో కార్డుల సాయంతో తమంతట తామే ముందుకెళ్తారు.

★ కలిసి పనిచేయడానికి మార్కులు వేయగలరా? వివిధ దేశాల పిల్లల చదువును పోల్చే పీసా పరీక్షలో 2015లో వేశారు. పదిహేనేళ్ల పిల్లలు కంప్యూటర్‌లోని కల్పిత సహచరులతో చాట్ చేస్తూ సమస్యను పరిష్కరించాలి. సింగపూర్ మొదటి స్థానం, జపాన్ రెండోది. పాల్గొన్న ప్రతి దేశంలోనూ అబ్బాయిల కంటే అమ్మాయిలే ముందున్నారు.