జిల్లా ఎల్లలు – మన రహదారులు

ఉర్దూ, తెలుగు భాషలు రెండింటికిని ఉమ్మడి సొత్తయిన పదములలో ‘జిల్లా’ ఒకటి. అరబ్బీ మూలములో దీనికి ప్రక్క, ప్రక్కటెముక అని అర్థము. ఒక్క ప్రక్కటెముకతో దేహము నిలువనట్లే, ఒక్క జిల్లాతో ప్రజల ప్రయాణము ముగియదు. స్థానిక ప్రభుత్వములు ఎల్లలు దాటి ఏ విధముగా సహకరించుకొనవలెనో నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములు ఉదాహరణముగా పరిశీలింతము.

పల్లె నుండి పట్టణములోని కళాశాలకు వచ్చు విద్యార్థిని నడచు దారిని గమనింపుడు. ఊరి లోపలి వీధి గ్రామ పంచాయతీది. ఊరిని పెద్ద బాటతో కలుపు దారి సాధారణముగా పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖది. ఆ పెద్ద బాట రోడ్లు, భవనముల శాఖది. జాతీయ రహదారి కేంద్ర ప్రభుత్వముది; పట్టణ వీధి పురపాలక సంఘముది. వీటన్నిటిపై తిరుగు బస్సు ఆర్.టి.సి.ది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే ఆధ్వర్యమున 27 బస్సులతో ఆరంభమైన ఈ సేవ 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగను, రాష్ట్ర విభజనానంతరము తెలంగాణ సంస్థగను రూపొందినది.

వీరిలో ఏ ఒక్కరు తమ బాధ్యత విస్మరించినను దారి తెగును. కల్వర్టు కూలిన బస్సు ఆగును; బస్సు ఆగిన చదువు ఆగును. 2023 డిసెంబరు 9వ తేదీ నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించుచున్నది. అయితే బస్సే రాని ఊరి బాలికకు ఆ సౌకర్యము వలన కలుగు ప్రయోజనమేమి?

స్థానిక స్వపరిపాలనకు మన ప్రాంతముతో చారిత్రక సంబంధము కలదు. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో చేసిన సిఫార్సుల ననుసరించి, 1959 అక్టోబరులో ప్రధాని నెహ్రూ నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిరి. 1986లో సమితుల స్థానమున మండలములు వచ్చినవి. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ జిల్లా ప్రణాళికా సంఘమునకు స్థానము కల్పించినది. 243 జెడ్.డి. అధికరణము ప్రకారము ఈ సంఘ సభ్యులలో ఐదింట నాలుగు వంతులకు తక్కువ కాకుండ జిల్లా పంచాయతీ, పురపాలక సంఘముల సభ్యులు తమలో నుండి ఎన్నుకొనిన వారే ఉండవలెను. పల్లెల, పట్టణముల ప్రణాళికలను ఏకము చేయుట, నీటి వనరుల పంపకము, రహదారుల వంటి ఉమ్మడి విషయములను ఆలోచించుట దీని ధర్మము.

అయితే ఈ సంఘము జిల్లాకే పరిమితము. జడ్చర్ల నుండి కల్వకుర్తి, మిర్యాలగూడల మీదుగా కోదాడ చేరు 167వ జాతీయ రహదారిని చూడుడు. 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము ఈ మార్గము మహబూబ్‌నగర్, నల్లగొండ అను రెండు జిల్లాలలోనే సాగెడిది. పునర్విభజన పిమ్మట అదే మార్గము మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, నల్లగొండ, సూర్యాపేట జిల్లాలను తాకుచున్నది. కార్యాలయములు ప్రజలకు చేరువైనవి. సంప్రదింపవలసిన కార్యాలయముల సంఖ్య మాత్రము పెరిగినది.

పది లక్షల జనాభా దాటిన మహానగర ప్రాంతమునకు, అది పెక్కు జిల్లాలలో విస్తరించినను, 243 జెడ్.ఇ. అధికరణము ప్రత్యేక ప్రణాళికా సంఘమును విధించినది. 2008లో ఏర్పడిన హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలోనికి నల్లగొండ వైపున బీబీనగర్, చౌటుప్పల్, మహబూబ్‌నగర్ వైపున కొత్తూరు ప్రాంతములు చేరినవి. దూరముననున్న దేవరకొండ, అచ్చంపేటలకు అట్టి ఉమ్మడి వేదిక రాజ్యాంగములో నిర్దేశింపబడలేదు. నగరము చేరువనున్న పల్లెకు లభించు ప్రణాళిక దూరపు పల్లెకు అక్కరలేదందుమా?

అమెరికాలో 1962 నాటి రహదారుల చట్టము, యాభై వేలకు మించిన జనాభా గల పట్టణ ప్రాంతములలో స్థానిక ప్రభుత్వములు కలసి నిరంతర ప్రణాళిక సాగించిననే కేంద్ర నిధులు లభించునట్లు నియమము చేసినది. ధనమును సహకారమునకు ముడివేయుట ఇందలి కిటుకు. మన పొరుగు జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘములు సైతము బడ్జెట్టుకు ముందు కలసి కూర్చుండి, కళాశాలలు, ఆసుపత్రులు, మార్కెట్టు యార్డులు గుర్తించిన ఒకే పటముపై ఏ దారి ముందు బాగుపడవలెనో నిర్ణయించుకొనవచ్చును. ఇందుకు క్రొత్త చట్టమే రావలెనని వేచియుండ నక్కరలేదు.

విద్యార్థులమైన మన వంతు కూడ కలదు. ఏ ఊరికి ఎన్ని బస్సులు వచ్చుచున్నవి, కడపటి బస్సు వేళ ఏది, ఏ వంతెన వానకు మునుగుచున్నది – ఈ వివరములను ఉర్దూ, తెలుగు తరగతుల వారమందరము కలసి సేకరించి, కళాశాల పాలక సంఘము ద్వారా అధికారులకును ప్రజాప్రతినిధులకును సమర్పింతము. బాటను గూర్చి బాటసారి కంటె బాగుగ నెరిగిన వారెవరు?